రెండు భాషల బడి, తొమ్మిది మంది కమిటీ: పద్దెనిమిది నెలల కేస్ స్టడీ

విజయనగరం జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడ ఒక సొసైటీ నడిపే బడి ఉంది, ఎల్‌కేజీ నుంచి ఏడో తరగతి దాకా, పిల్లలు రెండు వందలకి కాస్త అటూ ఇటూ. ఇరవై ఏళ్ళ కిందట ఊళ్ళోని నలుగురు టీచర్లు, ఒక డాక్టరు, ఒక రైసుమిల్లు యజమాని తలా కొంత వేసుకుని మొదలుపెట్టారు, ఇప్పటికీ ఎవరూ ఒక్క రూపాయి వెనక్కి తీసుకోలేదు. బైలాలోనే, అంటే సొసైటీ నియమావళిలోనే, ఒక మాట రాసుకున్నారు: పిల్లలు చదవడం, రాయడం ముందు తెలుగులో నేర్చుకోవాలి, ఇంగ్లిష్ మొదటి రోజు నుంచే చెవిన పడాలి, మూడో తరగతి నుంచి లెక్కలూ సైన్సూ రెండు భాషల్లోనూ చెప్పాలి. ఊళ్ళో దాన్ని రెండు భాషల బడి అనే అంటారు.

2023 ఆగస్టులో నన్ను ఆ కార్యవర్గంలోకి బయటి సభ్యురాలిగా రమ్మన్నారు. నేను పన్నెండేళ్ళు టీచరుగా చేశాను, ఆ తర్వాత ఇలాంటి చిన్న సంస్థల కమిటీలతో కూర్చుని వాళ్ళ పద్ధతులు సరిచేసుకోవడానికి సాయం చేయడమే నా పని. అక్కడ పద్దెనిమిది నెలలు ఉన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి కమిటీల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఇవే తప్పులు చేస్తుంటారు, నేను చేసినవి కూడా వాటిలో ఉన్నాయి. పేర్లు రాయను.

నేను వెళ్ళేసరికి అందరి మొహాల్లో టెన్షనే. నాలుగు కిలోమీటర్ల దూరంలో కొత్తగా ఒక పెద్ద ఇంగ్లిష్ మీడియం స్కూలు వచ్చింది, దాని పసుపు బస్సులు పొద్దున్నే మన బడి గేటు ముందు నుంచే పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి. ఒకటో తరగతిలో ఏటా ముప్పై మంది చేరేవాళ్ళు, ఆ ఏడాది పంతొమ్మిది మందే చేరారు. కమిటీ ముందున్న ప్రతిపాదన ఒక్క వాక్యం: వచ్చే జూన్ నుంచి ఎల్‌కేజీ నుంచే పూర్తి ఇంగ్లిష్ మీడియం. తొమ్మిది మందిలో ఐదుగురు అప్పటికే సరే అనేశారు. బయటి వాతావరణం కూడా అలాగే ఉంది మరి. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిట్లో ఇంగ్లిష్ మీడియం అని జీవోలు రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేయడం, ఆ తర్వాత కూడా వాదన ఆగకపోవడం, ఇవన్నీ చూసిన తల్లిదండ్రులకి మిగిలింది ఒక్కటే, ఇంగ్లిష్ మీడియం లేకపోతే మన పిల్లలు వెనకబడిపోతారేమోనన్న భయం. ఆ భయాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. కూలికి వెళ్ళే తల్లి తన కూతురికి ఇంగ్లిష్ రావాలని కోరుకోవడంలో ఏ తప్పూ లేదు.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బడిలో ఏ భాష ఎంత ఉండాలో తేల్చే కమిటీ, తేల్చేముందు పిల్లల పక్కన కూర్చుని ఆ రెండు భాషల్లో వాళ్ళు చదవడం వినాలి. మేం అది చేసేదాకా మా మీటింగుల్లో జరిగినవన్నీ ఉత్త అభిప్రాయాలే.

మినిట్స్ పుస్తకం

ఏ సంస్థకి వెళ్ళినా నేను ముందు అడిగేది మినిట్స్ పుస్తకం, సమావేశాల్లో ఏం తీర్మానించారో రాసే పుస్తకం. ఇక్కడ రెండేళ్ళలో పదకొండు సమావేశాలు జరిగాయి, అది మంచి లెక్కే, కోరం లేక వాయిదా పడింది ఒకే ఒక్కటి. కానీ లోపల ఏముంది? ప్రహరీ గోడకి రంగు, వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఎవరు, టై బెల్టులు ఏ షాపులో కొనాలి, సంక్రాంతి సెలవులు ఎన్ని రోజులు. ప్రతి తీర్మానం కిందా "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది. పిల్లలు ఎలా చదువుతున్నారన్న ప్రస్తావన మొత్తం పుస్తకంలో ఒక్కచోటే కనిపించింది, అదీ ఏడో తరగతి మార్కులు బాగా వచ్చినందుకు స్టాఫుకి అభినందనలు చెబుతూ రాసిన వాక్యం. టీచర్లు ఎందుకు మానేస్తున్నారు, మూడో తరగతి చివరికి ఒక పిల్లాడికి రెండు భాషల్లో ఏం రావాలి, నగదు నిల్వ ఎన్ని నెలల జీతాలకి సరిపోతుంది అన్నవి ఎజెండాలోకే రాలేదు.

తర్వాత హెడ్‌మిస్ట్రెస్ గారితో కూర్చున్నాను. ఆవిడ ఏమీ ఫిర్యాదు చేయలేదు, ఫోన్ తీసి కాల్స్ లిస్టు నా ముందు పెట్టారు. ఆ ఒక్క ఉదయం నలుగురు సభ్యుల నుంచి తొమ్మిది కాల్స్. ఒకరు మూడో తరగతికి లెక్కలు పూర్తిగా ఇంగ్లిష్‌లో చెప్పించమన్నారు, ఆ తర్వాత గంటకే ఇంకొకరు తెలుగు తగ్గించారంటగా అని గద్దించారు. "ఎవరి మాట వినమంటారు మేడం, అందరూ పెద్దవాళ్ళే" అన్నారావిడ. ఆ క్లాసు టీచరు రెండు వారాలుగా బోర్డు మీద ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లిష్ రాసి, ఎవరొస్తే ఆ పక్క వేలు పెట్టి చదివిస్తోంది. భయంతో చేసిన పని అది.

అందుకని మొదటి మార్పు అక్కడే చేశాం. ఒకే ఒక్క కాగితం రాసుకున్నాం. భాషా విధానం, బడ్జెట్, ఫీజులు, హెచ్‌ఎం నియామకం, ఆడిట్, బడి ఆస్తులు కమిటీవి. టైమ్‌టేబుల్, ఏ టీచరు ఏ క్లాసుకి, పాఠం ఎలా చెప్పాలి, పిల్లల క్రమశిక్షణ హెచ్‌ఎం గారివి. కమిటీ తరఫున ఆవిడతో మాట్లాడేది కరస్పాండెంట్ ఒక్కరే. మిగతా సభ్యులకి ఏదైనా అనిపిస్తే కరస్పాండెంట్‌కి చెప్పాలి, లేదా మీటింగులో పెట్టాలి. రాయడానికి అరగంట పట్టింది, అందరూ నిజంగా పాటించడానికి ఐదు నెలలు పట్టింది. వ్యవస్థాపకుల్లో ఒకాయన, డెబ్బై దాటిన మాస్టారు, రోజూ సాయంత్రం బడికి వచ్చి క్లాసుల్లోకి తొంగి చూసే అలవాటు ఆయనది, ఈ కాగితం చూసి చాలా నొచ్చుకున్నారు. నేను కట్టిన బడిలోకి నేను రాకూడదా అన్నారు. ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన ఇంటికి ముందే వెళ్ళి, కూర్చుని మాట్లాడి, ఆ తర్వాత కాగితం బయటపెట్టి ఉండాల్సింది. తర్వాత ఆయనకి వారానికి రెండు రోజులు లైబ్రరీలో పిల్లలకి కథలు చదివే పని అప్పజెప్పాం. ఒప్పుకున్నారు కానీ ఆ బాధ పూర్తిగా పోలేదని నాకు తెలుసు.

పిల్లలు చదివిన రోజు

2023 నవంబరులో ఒక శనివారం. మూడు, నాలుగు, ఐదు తరగతుల నుంచి చీటీలు తీసి ఇరవై ఏడు మందిని ఎంచాం, ఒక్కో సభ్యుడికి ముగ్గురు పిల్లలు. టీచర్లు పాఠ్యపుస్తకంలో లేని రెండు చిన్న కథనాలు రాశారు, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో, ఒక్కోటి ఏ4 కాగితంలో సగం. పిల్లలు పైకి చదవాలి, తర్వాత నాలుగు ప్రశ్నలు, అందులో ఒకటి "ఎందుకు" అన్న ప్రశ్న. జవాబు ఏ భాషలో చెప్పినా ఫర్వాలేదు. సభ్యులకి ఒకే నియమం, మధ్యలో దిద్దకూడదు, చెప్పకూడదు.

ఇంగ్లిష్ మీడియం ప్రతిపాదన తెచ్చింది ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు. నిజాయితీపరుడు, బడి మూతపడకూడదన్నదే ఆయన తపన. ఆయన ముందు మూడో తరగతి పాప కూర్చుంది. ఇంగ్లిష్ కాగితం గడగడా చదివేసింది, ఎక్కడా ఆగలేదు. రైతు విత్తనాల్ని పొడిగా ఉన్న చోట దాచాడు అన్న వాక్యం ఉంది అందులో. ఆయన సంతోషంగా తల ఊపి, "డ్రై ప్లేస్‌లో ఎందుకు పెట్టాడమ్మా?" అని అడిగారు. పాప కాగితంలోకి చూసింది. "డ్రై ప్లేస్" అంది. మళ్ళీ అడిగారు. మళ్ళీ "డ్రై ప్లేస్" అని, ఆ వాక్యం మొత్తం ఇంకోసారి చదివింది, అంతే గడగడా. ఆయన కాసేపు ఊరుకుని, "పోనీ, విత్తనాలకి తడి తగిలితే ఏమవుతుంది?" అన్నారు. పాప తలెత్తింది. "మొలకొచ్చేస్తాది సార్. లేపోతే బూజట్టేస్తాది. మా మామ్మ వేపాకేసి కుండలో పోసి మూతెట్టేస్తాది" అంది ఒక్క గుక్కలో.

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాతి పాపని పిలవడానికి చాలాసేపు పట్టింది.

మొత్తం లెక్క ఇలా తేలింది. ఇరవై ఏడు మందిలో ఇరవై ఒక్క మంది ఇంగ్లిష్ పైకి చదవగలిగారు, ఇంగ్లిష్ కథనంలో ఎందుకు అన్న ప్రశ్నకి ఏదో ఒక భాషలో జవాబు చెప్పింది ఆరుగురే. తెలుగు కథనంలో పందొమ్మిది మంది చెప్పారు. ఇదంతా మా బైలా పక్షాన ఉన్నవాళ్ళకి సంతోషం కలిగించేదే. కానీ ఇంకో విషయం కూడా బయటపడింది, నలుగురు పిల్లలు తెలుగే కూడబలుక్కుని కూడా చదవలేకపోయారు, వాళ్ళలో ఇద్దరు ఐదో తరగతి. ముందు తెలుగు అని ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్న బడి ఇది. ఆ సాయంత్రం ఎవరూ ఎవర్నీ గెలిచినట్టు మాట్లాడలేదు.

2024 జనవరి సమావేశంలో ఓటు పెట్టాం, ఆ పుస్తకంలో ఏకగ్రీవం కాని మొదటి తీర్మానం అదే. ఏడుగురు రెండు భాషల పద్ధతి కొనసాగాలన్నారు, ఇద్దరు వద్దన్నారు, వాళ్ళ కారణాలు కూడా మినిట్స్‌లో రాశాం. బ్యాంకు మేనేజరు గారు ఆ ఏడుగురిలో ఒకరు. తీర్మానానికి రెండు షరతులు కలిపాం. ఒకటి, రెండో తరగతి చివరికి తెలుగు చదవడం రాని పిల్లల లెక్క ప్రతి మూడు నెలలకీ కమిటీకి రావాలి, పేర్లు లేకుండా, సంఖ్య మాత్రమే. రెండు, ఇంగ్లిష్‌కి రోజూ ఒక గంట పూర్తిగా మాటలకే, పుస్తకం తెరవకుండా. మా పిల్లల ఇంగ్లిష్ కంఠస్థం దగ్గరే ఆగిపోవడానికి కారణం వాళ్ళకి ఆ భాషలో మాట్లాడే అవసరమే ఎప్పుడూ రాకపోవడం.

నా పెద్ద తప్పు

ఓటు అయ్యాక ఫిబ్రవరిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టి నేనే మాట్లాడాను. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలంటోంది, 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటిభాషలో అంటోంది అని చెప్పుకుంటూ పోయాను. వెనక నుంచి ఒక ఆటో డ్రైవరు లేచి, "చట్టం మా గుంటడికి ఉద్యోగం ఇస్తాదా మేడం?" అన్నాడు. హాలంతా ఆయన పక్షమే. ఆ నెలలో ఎనిమిది కుటుంబాలు టీసీలు అడిగాయి. తల్లిదండ్రుల్ని ఓటుకి ముందు అడగాలి, నేను తర్వాత చెప్పాను, అదే తప్పు. వాళ్ళ పిల్లల గురించి నిర్ణయం అయిపోయాక వాళ్ళకి ఉపన్యాసం ఇచ్చినట్టయింది.

ఏప్రిల్‌లో మళ్ళీ పిలిచాం, ఈసారి క్లాసువారీగా, పదిహేను మంది చొప్పున, మాట్లాడే పని పిల్లలదే. 2020–21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి కదా, హెచ్‌ఎం గారు అవి సంపాదించి పెట్టారు. నాలుగో తరగతి పిల్లాడు తెలుగు పేజీ మీద అరచెయ్యి పెట్టి మూసి, ఇంగ్లిష్ పేజీలో ఒక పేరా చదివి, దాని అర్థం తెలుగులో వాళ్ళ నాన్నకి చెప్పి, చెయ్యి తీసి సరిచూసుకునేవాడు. తప్పైతే నాన్నే పట్టుకునేవాడు, ఎందుకంటే తెలుగు పేజీ ఆయనా చదవగలడు. ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చదివే పెద్ద కొడుకు పుస్తకంలో ఏముందో తనకి ఎప్పుడూ తెలియలేదని ఒకాయన చెప్పాడు. టీసీలు అడిగిన ఎనిమిది కుటుంబాల్లో మూడు ఆగాయి, ఐదు వెళ్ళిపోయాయి.

ఆ మీటింగుల తర్వాత ఇద్దరు తల్లుల్ని కార్యవర్గంలోకి తీసుకున్నాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఉండే యాజమాన్య కమిటీల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి, ప్రభుత్వ సాయం తీసుకోని మాలాంటి అన్‌ఎయిడెడ్ బడికి ఆ నియమం వర్తించదు. అయినా ఆ ఆలోచన సరైనదే అనిపించింది. సర్వసభ్య సమావేశంలో బైలా సవరించి, కొత్త జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చాం. ఆ ఇద్దరిలో ఒకావిడ టైలరింగు షాపు నడుపుతారు. మొదటి మీటింగులో ఎజెండా, జమాఖర్చుల కాగితం చేతికివ్వగానే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయేంటండీ, మనది రెండు భాషల బడి కదా" అన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. ఆ నెల నుంచి ఎజెండా, మినిట్స్, బడ్జెట్ పట్టిక అన్నీ తెలుగులో, ఆడిటరుకి అవసరమైనవి ఇంగ్లిష్‌లో అదనంగా.

డబ్బు సంగతులు

బస్సు కాంట్రాక్టు కోశాధికారి గారి బావమరిదిది. ఎవరూ దొంగతనం చేయలేదు, కానీ రేటు ఎలా ఖరారైందో కాగితం మీద లేదు. ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ కమిటీ సభ్యుల బంధువులకి మార్కెట్ రేటు కంటే ఎక్కువ చెల్లిస్తే ఆ మినహాయింపుకే ఎసరు వస్తుంది. మూడు కొటేషన్లు తీసుకున్నాం, ఆ అంశం వచ్చినప్పుడు కోశాధికారి గారు బయట వరండాలో కూర్చున్నారు, ఆ సంగతి మినిట్స్‌లో ఎక్కించాం. బావమరిది రేటు తగ్గించి కాంట్రాక్టు నిలుపుకున్నాడు. చిన్న ఊళ్ళో బంధుత్వం లేని వ్యాపారి దొరకడం కష్టం, అందుకే బంధువులకి ఇవ్వొద్దు అని రాయలేదు, ఇస్తే ఎలా ఇవ్వాలో రాసుకున్నాం.

ఇంకొకటి చాలామంది కమిటీవాళ్ళకి తెలియనిది. డల్లాస్‌లో ఉండే ఈ ఊరాయన లైబ్రరీకి డబ్బు పంపుతానన్నాడు, బ్యాంకు అకౌంటు నంబరు వాట్సాప్‌లో పంపేయబోయారు. నేను ఆపి అడిగాను, ఆయనది ఏ పాస్‌పోర్టు అని. భారత పౌరుడు విదేశంలో ఉండి సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు కూడా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంటులోనే తీసుకోవాలి. ఆయన అమెరికా పౌరుడని తేలింది. ఉత్తరం రాసి వద్దన్నాం. వచ్చే డబ్బు వదులుకోవడం ఎవరికీ నచ్చలేదు, కానీ బడిని ప్రమాదంలో పెట్టే హక్కు మాకు లేదు.

అన్నిటికంటే గట్టి దెబ్బ 2024 జూన్‌లో తగిలింది. కొత్త ప్రభుత్వం 16,347 ప్రభుత్వ టీచరు పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద సంతకం పెట్టగానే మా పదకొండు మంది టీచర్లలో నలుగురు మానేశారు, ఇద్దరు ఏకంగా అవనిగడ్డ కోచింగుకి వెళ్ళారు. ఒక సభ్యుడు, ఇకనుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లు మన దగ్గర పెట్టుకుందాం అన్నారు. చాలా ప్రైవేటు స్కూళ్ళలో ఉన్న అలవాటే, నేను గట్టిగా వ్యతిరేకించాను, బ్యాంకు మేనేజరు గారు నా పక్షాన నిలిచారు. గవర్నమెంటు ఉద్యోగం కోసం వెళ్ళే మనిషిని పట్టి ఆపడం ఏ న్యాయం? దాని బదులు రెండు పనులు చేశాం. ప్రతి పాఠానికీ ఒక ఫైలు పెట్టించాం, ఏ మాట తెలుగులో ముందు చెప్పాలి, ఏది ఇంగ్లిష్‌లో, పిల్లలు ఎక్కడ తడబడతారు అన్నవన్నీ అందులో ఉంటాయి, కొత్తగా వచ్చే టీచరు మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. రెండోది జీతాలు పెంచడం. నెలకి రెండు వందలు ఫీజు పెంచాం, ఈసారి తల్లిదండ్రుల్ని ముందే అడిగి, లెక్క తెలుగులో గోడకి అంటించి.

ఇప్పుడు ఎక్కడుంది

2024 జూన్‌లో ఒకటో తరగతిలో ఇరవై నాలుగు మంది చేరారు. ముప్పైకి చేరలేదు. పసుపు బస్సులు ఇంకా గేటు ముందు నుంచే వెళ్తున్నాయి. నవంబరులో రెండోసారి చదివించినప్పుడు ఇంగ్లిష్ కథనంలో ఎందుకు అన్నదానికి పదమూడు మంది చెప్పగలిగారు, తెలుగు అసలు చదవలేనివాళ్ళు ఒక్కరే. పిల్లలు వేరు, కథలు వేరు, ఇరవై ఏడు మంది అంటే ఎంత, కాబట్టి దాన్ని విజయం అని ప్రచారం చేసుకోవద్దని కమిటీకి గట్టిగా చెప్పాను. ఏడో తరగతి తర్వాత ఈ పిల్లలు ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంకా తేలలేదు, హైస్కూలు పెట్టే స్తోమత సొసైటీకి లేదు, ఇంగ్లిష్ మీడియం హైస్కూల్లో చేరిన పాత పిల్లలు మొదటి ఏడాది ఎలా నెట్టుకొస్తున్నారో కనుక్కునే పని డాక్టరు గారు మీద వేసుకున్నారు.

2025 ఫిబ్రవరి నా చివరి సమావేశం. ఇప్పుడు ప్రతి మీటింగూ గత మినిట్స్ పైకి చదవడంతో మొదలవుతుంది, ఆ రోజు వంతు టైలరింగు షాపు ఆవిడది. నిదానంగా, వేలు పెట్టుకుని చదివారు. మధ్యలో ఒకచోట ఆగి, "ఫీజు రాయితీ పదకొండు మందికి అని రాశారు, మనం పన్నెండు మందికి కదా అనుకున్నాం" అన్నారు. మాస్టారు తన డైరీ తీసి చూసి, ఆవిడే కరెక్టన్నారు. కరస్పాండెంట్ గారు పదకొండు కొట్టేసి పన్నెండు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.